వీడియో ఎడిటింగ్‌లో టైమ్‌లైన్ (క్లిప్పులు వరుసగా పేర్చే పట్టీ) నత్తనడక నడుస్తోందా? ప్రాక్సీ మేలా, ప్రోరెస్ మేలా?

ఫోన్‌లో తీసిన హెచ్.265 (వీడియోని బాగా కుదించి దాచే పద్ధతి) ఫైల్ సైజు చిన్నదే. కానీ చాలా ఫ్రేముల్లో పక్క ఫ్రేములతో ఉన్న తేడాలే ఉంటాయి. ఒక్క ఫ్రేము చూపించాలన్నా కంప్యూటర్ చుట్టుపక్కల వాటినీ విప్పుకోవాలి, పాపం.

ప్రాక్సీ అంటే అదే క్లిప్‌కి తేలికపాటి నకలు. ఎడిటింగ్ దానితో, ఎక్స్‌పోర్ట్ అసలు ఫైల్‌తో. మామూలుగా నా ఓటు దీనికే. కలర్ సరిచేసేటప్పుడు మాత్రం ప్రాక్సీ ఆపేసి చూడాలి.

ప్రోరెస్ 422 అనే, ఎడిటింగ్‌కి అనువైన ఫార్మాట్‌లోకి మార్చేస్తే ప్రతి ఫ్రేమూ విడిగా ఉంటుంది. టైమ్‌లైన్ హాయిగా కదులుతుంది. కాకపోతే ఫుల్ హెచ్‌డీలో, సెకనుకు 30 ఫ్రేములకి, గంట వీడియో సుమారు 66 జీబీ మింగుతుంది! అయినా మాట పెదాలతో కలవకుండా జారిపోతుంటే ఇదే దారి. ఎందుకంటే ఫోన్ వీడియోల్లో ఫ్రేమ్ రేట్ (సెకనుకు ఎన్ని ఫ్రేములో ఆ లెక్క) తరచూ మారుతుంటుంది. మార్చేటప్పుడు స్థిరమైన రేటు ఎంచుకోండి. ప్రాక్సీతో ఆ జబ్బు కుదరదు.