సగటా, సమీకరణాలా? పోటీ పరీక్ష లెక్కకు ఏది మేలు

నాలుగు సంఖ్యలున్నాయి. ఏవైనా మూడింటి సగటు కట్టి, మిగిలిన సంఖ్యను దానికి కలపాలి. అలా నాలుగు విధాలా చేస్తే 16, 20, 22, 26 వచ్చాయి. ఆ సంఖ్యలేవి?

చూడగానే చాలామంది ఎ, బి, సి, డి అనుకుని మొదలుపెట్టేస్తారు. భిన్నాలు పోవడానికి 3తో గుణిస్తే 3ఎ + బి + సి + డి = 48 వస్తుంది. మిగతా మూడూ ఇలాంటివే, కుడివైపు 60, 66, 78. ఇక ఒక్కో చరరాశినీ తొలగించుకుంటూ పోవడమే. జవాబు తప్పకుండా వస్తుంది. కాకపోతే పేజీ నిండుతుంది, మధ్యలో ఒక మైనస్ జారితే మళ్లీ మొదటికొస్తుంది.

సగటు వైపు నుంచి చూడండి. ప్రతి సంఖ్యా ఒకసారి పూర్తిగా, మూడుసార్లు మూడో వంతుగా వచ్చింది. అంటే మొత్తమ్మీద రెండుసార్లు. వచ్చిన నాలుగు ఫలితాల మొత్తం 84, కాబట్టి అసలు సంఖ్యల మొత్తం 42. ఇప్పుడు 48లోంచి 42 తీసేస్తే 2ఎ = 6, ఎ = 3. మిగతావి అలాగే 9, 12, 18. పరీక్షలో అడిగింది పెద్ద సంఖ్య ఒక్కటే అయితే 78లోంచి 42 తీసి సగం చేస్తే చాలు, మిగతా మూడింటి జోలికే పోనక్కర్లేదు. సరిచూసుకోవడమూ తేలికే: 3, 9, 12ల సగటు 8, దానికి 18 కలిపితే 26.

ఈ కిటుకు కొత్తదేం కాదు. ఒక్కో రాశిని వదిలేసి మిగతావాటి మొత్తాలు ఇస్తే, వాటన్నిటినీ కలిపి రాశుల సంఖ్య కంటే ఒకటి తక్కువతో భాగిస్తే అసలు మొత్తం వస్తుందని ఆర్యభటుడు తన ఆర్యభటీయంలోని గణితపాదం అనే భాగంలో చెప్పాడు.

ఇలాంటి లెక్కకు నా ఓటు సగటుకే. అయితే అన్ని సంఖ్యలకూ ఒకే నియమం వర్తించినప్పుడే ఇది పనిచేస్తుంది. పై లెక్కలోనే ఒక్కసారి మాత్రం సగటును రెట్టింపు చేసి కలిపారనుకోండి, ఫలితాలన్నీ కూడినా మొత్తం నేరుగా బయటపడదు. అక్కడ మొండిగా కిటుకులు వెతకడం కంటే సమీకరణాలు రాసుకోవడమే నయం.

సగటుల్లో ఇంకో ఉచ్చు ఉంది. 60 మార్కుల సగటున్న గుంపు, 75 సగటున్న గుంపు కలిస్తే సగటు 67.5 అని రాసేస్తారు. రెండింట్లో సమానంగా మనుషులుంటేనే అది నిజం. కలిపిన సగటు 70 అని, రెండో గుంపులో 12 మంది ఎక్కువని ఇస్తే? 70కి అటు 10, ఇటు 5 దూరం. మనుషుల నిష్పత్తి తిరగబడి 1:2 అవుతుంది, కాబట్టి 12 మంది, 24 మంది. సమీకరణాలతో అయినా రెండు లైన్లే. టెన్షన్‌లో నిష్పత్తి ఎటు తిరగాలో గుర్తురాకపోతే, ఇక్కడ సమీకరణాలతోనే వెళ్లండి.