గడ్డ ఒక్కటే తీయించాలా, గర్భసంచే తీయించాలా?

స్కానింగ్‌లో ఫైబ్రాయిడ్ (గర్భసంచిలో పెరిగే గడ్డ) అని రాగానే మన ఇళ్లలో వినిపించే మాట ఒకటే: "పిల్లలు పుట్టేశారుగా, ఇంకా ఆ సంచి ఎందుకు, తీయించేయ్." ఆ తొందర నాకు నచ్చదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు. ఆంధ్ర, తెలంగాణల్లో 8 దాటారు.

గడ్డల్ని మాత్రమే తీసే ఆపరేషన్ మయోమెక్టమీ. గర్భసంచి మిగులుతుంది కాబట్టి పిల్లలు కావాలనుకునేవారు దీనివైపే చూస్తారు. చిక్కేమిటంటే, కొందరికి కొన్నేళ్లలో కొత్త గడ్డలు వస్తాయి.

గర్భసంచినే తీసేసే ఆపరేషన్ హిస్టరెక్టమీ. ఇందులో ఆ బెడద ఉండదు, నెలసరీ ఆగిపోతుంది. గంటకో ప్యాడ్ తడిసి, హిమోగ్లోబిన్ 7కి పడిపోయి, మందులూ పనిచేయని మనిషికి అది నిజంగా పెద్ద ఊరటే. కానీ అండాశయాలు కూడా తీస్తున్నారా అని ముందే అడగాలి. 35 ఏళ్లకే రెండు అండాశయాలూ పోతే ఒంట్లో ఆవిర్లు వెంటనే మొదలవుతాయి, ఎముకలూ తొందరగా గుల్లబారతాయి.

ఇబ్బంది పెట్టని చిన్న గడ్డకైతే ఈ రెండు ఆపరేషన్లూ అక్కర్లేదు. క్యాన్సర్‌గా మారడం చాలా అరుదు. నెలసరి పూర్తిగా ఆగాక సాధారణంగా అదే కుంచించుకుపోతుంది.