గోవాలో పున్నమి సాయంత్రం కయాక్ యాత్రకు డబ్బు కట్టేముందు ఇది చదవండి

హోలీ సెలవులకు గోవా వెళ్లి, దక్షిణాన పాలోలెం తీరంలో కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) ఎక్కాలనుకుంటున్న వారికి ఈ హెచ్చరిక. "పున్నమి ప్రత్యేకం" అని సాయంత్రం నాలుగున్నరకు మొదలయ్యే యాత్రలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. మడ అడవుల మధ్య ఉప్పుటేరులో విహారం, బీచ్‌లో సూర్యాస్తమయం, తిరుగుదారిలో చంద్రోదయం. ఇదీ ప్రకటన. ఫోటోలు చూస్తే ఎవరికైనా మనసవుతుంది. మాఘ పౌర్ణమికి మేము పిల్లాడితో సహా వెళ్లాం. మనిషికి 1,500 రూపాయల చొప్పున మొత్తం ముందే కట్టించుకున్నారు. అక్కడికి వెళ్లాక దక్కింది బురద.

అది ఆ రోజు మా ఖర్మకొద్దీ జరిగింది కాదు. ఆ వేళకు ఆ ఏరులో నీళ్లు ఉండవని అమ్మేవాడికి ముందే తెలుసు, తెలియకపోతే ఆ వ్యాపారం చేసే అర్హతే లేదు. గోవా తీరంలో రోజుకు రెండుసార్లు పోటు (నీళ్లు పొంగడం), రెండుసార్లు ఆటు (నీళ్లు తీయడం) వస్తాయి. ఒక పోటుకూ తర్వాతి ఆటుకూ మధ్య ఆరు గంటల పైచిలుకు. ఈ వేళలు రోజుకు సుమారు యాభై నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ పోతాయి. అయితే పున్నమికీ అమావాస్యకూ అవి మళ్లీ దాదాపు అదే గడియకు వచ్చి చేరతాయి. గోవాలో ఆ రోజుల్లో పోటు మధ్యాహ్నానికి కాస్త ముందు, ఆటు సాయంత్రం ఐదు ప్రాంతాల. పైగా పున్నమి, అమావాస్యల్లో సముద్రం ఎంత ఎక్కువ పొంగుతుందో అంత ఎక్కువ వెనక్కి తీస్తుంది. గోవాలో ఆ తేడా రెండు మీటర్ల దాకా ఉంటుంది. అంటే పున్నమి సాయంత్రం ఉప్పుటేరులో కయాక్ యాత్ర అని ఎవరు అమ్మినా, నీళ్లు తీసేసే వేళను ఏరికోరి ఎక్కువ ధరకు అమ్ముతున్నట్టే. హోలీ వచ్చేది ఫాల్గుణ పౌర్ణమికే కదా, అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

పాలోలెం తీరానికి ఉత్తరపు కొసన చిన్న దీవి ఉంది. దాని పక్కనుంచే ఉప్పుటేరు సముద్రంలో కలుస్తుంది. ఆటు వేళలో ఆ దీవికి నడిచి వెళ్లిపోవచ్చు, నీళ్లు అంత తక్కువ. మేము దిగేసరికే ఏరు గట్టుల మీద తడి చార కనిపిస్తోంది, నీళ్లు దాని కింద చాలా దూరంలో ఉన్నాయి. వెంట పంపిన కుర్రాడిని అడిగితే, లోపల లోతుంటుంది పదండి అన్నాడు. కాసేపు బాగానే సాగింది. ఆ తర్వాత తెడ్డు వేసిన ప్రతిసారీ నల్లటి బురద పైకి వచ్చింది. ఇంకొంచెం వెళ్లగానే కయాక్ అడుగు కరుచుకుని ఆగిపోయింది. దిగి లాగమన్నాడు. మోకాలి లోతు బురద, మడ చెట్ల వేళ్లకు అంటుకున్న ఆల్చిప్పలు బ్లేడుల్లా ఉన్నాయి. మా ఆయన అరికాలు చీరుకుపోయింది. పిల్లాడిని కయాక్‌లోనే కూర్చోబెట్టి ఇద్దరం లాగాం. ఆరున్నర దాటి పొద్దుగుంకాక కూడా మేము ఆ మలుపులోనే ఉన్నాం. కుర్రాడి దగ్గర టార్చి లేదు. ఫోను వెలుతురు చూసి, గట్టున వలలు సర్దుకుంటున్న ఒక పెద్దాయన వచ్చి దారి చూపించకపోతే ఇంకెంతసేపు పట్టేదో.

లైఫ్ జాకెట్ల సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే నాకు ఎక్కువ కోపం తెప్పించింది అదే. పిల్లాడికి ఇచ్చింది పెద్దవాళ్ల జాకెట్. మూడు బకిల్స్‌లో రెండు విరిగి ఉన్నాయి, వాటి స్థానంలో నైలాన్ తాడు కట్టారు. భుజాల దగ్గర పట్టుకుని పైకి ఎత్తితే అది చెవుల దాకా వచ్చేసింది. నీళ్లలో పడితే జాకెట్ పైకి తేలుతుంది, బిడ్డ కిందికి జారిపోతాడు. చిన్న జాకెట్ ఇస్తేనే ఎక్కుతామని పట్టుబట్టాక ఎక్కడినుంచో తెచ్చి ఇచ్చారు. ఉందన్నమాట, అడిగితే తప్ప ఇవ్వరు. మీరు ఎక్కడ కయాక్ ఎక్కినా సరే, జాకెట్ తొడుక్కుని బకిల్స్ అన్నీ పెట్టి, పక్కవారిని భుజాల దగ్గర పట్టి పైకి లాగమనండి. గడ్డం దాటి వస్తే అది మీకు పనికిరాదు. కయాక్ వెనక భాగంలో నీళ్లు వంపేసే చిన్న రంధ్రానికి బిరడా ఉందో లేదో కూడా చూడండి. మాకు ఇచ్చిన వాటిలో ఒకదానికి బిరడా బదులు గుడ్డ ముక్క కుక్కి ఉంది. లోపలికి నీళ్లు చేరితే కయాక్ బరువెక్కి, అలలో అడ్డంగా తిరుగుతుంది.

డబ్బు వాపసు అడిగితే వచ్చిన జవాబు: "ఆటుపోట్లు ప్రకృతి, మా చేతిలో లేదు." ఈ మాట విని ఊరుకోకండి. వాన ఎప్పుడు పడుతుందో ఎవరూ కచ్చితంగా చెప్పలేకపోవచ్చు. ఆటుపోట్లు అలాంటివి కావు, రైళ్ల వేళల పట్టికలా ఏడాది ముందే లెక్కగట్టి పెడతారు. సర్వే ఆఫ్ ఇండియా ఏటా ఆ పట్టికలు ప్రచురిస్తుంది. మన హైదరాబాద్‌లోనే ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ సముద్ర స్థితి సూచనలు, ఎత్తైన అలల హెచ్చరికలు ఉచితంగా ఇస్తుంది. వీటిని చూడకుండా టైమ్ స్లాట్ అమ్మడం సేవాలోపమే, దానికి ప్రకృతిని అడ్డం పెట్టుకుంటే చెల్లదు.

ఆ ఉప్పుటేరు మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. మరుసటి రోజు ఉదయం అదే ఏరులోకి వేరే పడవవాళ్ల దగ్గర కయాక్‌లు గంట అద్దెకు తీసుకుని వెళ్లాం. పోటు ఎక్కుతున్న వేళ. నీళ్లే మమ్మల్ని మెల్లగా లోపలికి తీసుకెళ్లాయి. రాత్రి మా కాళ్లు కోసిన వేళ్లన్నీ మునిగిపోయి, ఆకులు నీళ్లను తాకుతున్నాయి. ఒక కొమ్మ మీద లకుముకి పిట్ట, మేము పక్కనుంచే వెళ్లినా కదల్లేదు. ఎంతో బాగుంది, పిల్లాడు దిగనన్నాడు. ధర కూడా ఆ ప్యాకేజీలో చిన్న భాగమే. ఆ పడవాయన బేరం కంటే ముందు చెప్పిన మాట, పన్నెండు లోపల తిరిగి రండి, తర్వాత నీళ్లు తీస్తాయి అని. డబ్బు కట్టవలసింది అలా చెప్పేవాళ్లకే.

కాబట్టి బుక్ చేసేముందు ఒకటే ప్రశ్న వేయండి: ఆ రోజు పోటు ఎన్నింటికి, మా స్లాట్ దానికి ఎంత ముందు? జవాబు రాతలో ఇమ్మనండి. నసిగితే వదిలేయండి. ఉప్పుటేరులోకి వెళ్లడానికి పోటుకు రెండు గంటల ముందు బయలుదేరితే నిశ్చింత. ఉత్తరాన ఉన్న బటర్‌ఫ్లై బీచ్ దాకా సముద్రం మీదుగా తీసుకెళ్తామంటే ఉదయం పూటే ఒప్పుకోండి. మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి పుంజుకుంటుంది, రాళ్ల కొస దగ్గర అల కొట్టి వెనక్కి మళ్లి కయాక్‌ను రెండు వైపులనుంచీ ఊపేస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు ఆ ఊసే వద్దు. ఇంకో మాట, గోవా వేళలు మన కాకినాడకో విశాఖకో పనికిరావు. తూర్పు తీరం లెక్క వేరు, కోరంగి మడ అడవులకు వెళ్లేవారు అక్కడి పోటు వేళ అక్కడే కనుక్కోవాలి.

మాలాగే డబ్బు పోయినవారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించుకోండి. మేము చేశాం, ఇంకా జవాబు రావాలి. రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. 2019 చట్టం ప్రకారం మనం నివసించే ఊళ్లోనే కేసు వేయవచ్చు, గోవా తిరగనక్కర్లేదు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు ఉంటే ఫీజు కూడా లేదు. ప్రకటన స్క్రీన్‌షాట్, చెల్లింపు రసీదు, వాళ్లతో జరిగిన వాట్సాప్ సంభాషణ, జాకెట్ల ఫోటోలు దగ్గర పెట్టుకోండి. హోలీ సాయంత్రానికి ఇప్పటికే డబ్బు కట్టేసినవారు, స్లాట్‌ను ఉదయానికి మార్చమని ఈ రోజే మెసేజ్ పెట్టండి. ఫోనులో మాట్లాడి వదిలేయకండి, మాట మారిస్తే చూపించడానికి రాత ఉండాలి.