పెద్దక్షరాల తెలుగు బైబిల్: మూడేళ్ళు వాడాక నా రివ్యూ (వైజాగ్‌లో కొన్న షాప్ గురించి కూడా)

ముందే చెప్పేస్తున్నా, ఇది నాలుగు లైన్లలో అయ్యే రివ్యూ కాదు. స్టార్లు మాత్రమే కావాలంటే పుస్తకానికి నాలుగు, దాని కవర్‌కి ఒకటి, షాప్ అంకుల్‌కి ఐదు. టైమ్ ఉన్నోళ్ళు కింద చదువుకోండి.

మాది కంచరపాలెం. ఇంట్లో ముందు నుంచీ ఒక బైబిల్ ఉండేది, అమ్మ పెళ్ళికి వాళ్ళ నాన్న ఇచ్చింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా ముందు గది కిటికీ అద్దాలు పగిలిపోయి ఆ రోజంతా వాన లోపలికే కొట్టింది, బీరువా మీదున్న బైబిల్ ముద్దయిపోయింది. తర్వాత రోజుల తరబడి కరెంట్ లేదు, ఫ్యాన్ కింద ఆరబెడదామంటే ఫ్యానే తిరగదు. అమ్మ దాన్ని డాబా మీద బట్టలారేసే తాడుకి మధ్యలో తెరిచి వేలాడదీసింది, పక్కింటోళ్ళు నవ్వారు కూడా. ఆరింది గానీ పేజీలు అప్పడాల్లా అయిపోయాయి, రాజుల గ్రంథాల దగ్గర నుంచి కీర్తనల మొదటి దాకా ఒకే కట్టగా అతుక్కుపోయింది. లాగితే చిరుగుతుందని అమ్మ ముట్టుకోనివ్వలేదు. అంటే మా ఇంట్లో ఏడేళ్ళు యోబు గ్రంథం లేదన్నమాట. అప్పుడు ఎవరికీ ఆ లోటు తెలీలేదు, నిజం చెప్పాలంటే యోబు ఎవడికి కావాలి, మంచి రోజుల్లో.

2021లో నాన్నకి కిడ్నీలు పోయాయి. షుగర్ ముప్పై ఏళ్ళది, దాంతోపాటు కళ్ళు కూడా. మంగళ, గురు, శని వారానికి మూడు డయాలసిస్‌లు, ఒక్కోసారి నాలుగు గంటలు. నాన్న ఫిట్టర్, షిప్పుల రిపేర్ పనుల్లో జీవితమంతా కాంట్రాక్ట్ లేబర్‌గానే చేశాడు, ఊరికే కూర్చోవడం ఆయనకి చేతకాదు. ఆ కుర్చీలో నాలుగు గంటలు పైకప్పు చూస్తూ ఉండలేక "ఒరేయ్, చదువుకోడానికేమైనా తేరా, అక్షరాలు లావుగా ఉండాల" అన్నాడు. అలా మొదలైంది ఈ కొనుగోలు.

ఫోన్‌లో యాప్ ఉంది కదా అంటారు, ట్రై చేశాం. అక్షరాలు పెద్దవి చేస్తే స్క్రీన్‌లో రెండు వాక్యాలే పడతాయి, వేలు తగిలితే మొదటి పుస్తకం ఆదికాండం నుంచి చివరి పుస్తకం ప్రకటన గ్రంథానికి పోతుంది, మధ్యలో లోన్ కావాలా అని కాల్ వస్తుంది. ఆడియో పెడితే మెషీన్ బీప్‌లలో సగం వినబడదు, పైగా చదివే ఆయన గొంతు సినిమా ట్రైలర్‌లా ఉంటుంది, నాన్నకి నచ్చలేదు.

షాప్ డాబాగార్డెన్స్ వైపు ఒక సందులో ఉంది. పేరు రాయట్లేదు, అంకుల్‌కి ఇష్టం లేదు. బండి పెట్టుకోడానికి చోటు అసలు లేదు, జగదాంబ దగ్గరే ఎక్కడో పార్క్ చేసి నడవండి. డిసెంబర్‌లో మాత్రం వెళ్ళకండి, స్టార్లు, క్యాలెండర్లు, పశువులపాక బొమ్మల జనంతో లోపలికి అడుగు పెట్టలేరు. మామూలు రోజుల్లో ఖాళీయే. నేను వెళ్ళి పెద్ద అక్షరాల బైబిల్ అనగానే వెంటనే తీసివ్వలేదు అంకుల్, ముందు "చదివేదెవరు బాబూ? పడుకుని చదువుతారా, కూర్చుని చదువుతారా?" అని అడిగాడు. విషయం చెప్పాను. ఒక్క నిమిషం ఏం మాట్లాడలేదు. తర్వాత మూడు సైజులు తీసి కౌంటర్ మీద పెట్టి, నా ఎడం చెయ్యి వెనక్కి పెట్టుకుని కుడి చేత్తో ఒక్కొక్కటి ఎత్తమన్నాడు. డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఫిస్టులా వేసిన చెయ్యి వంచకూడదు కదా, ఆ సంగతి ఆయనకి ఎలా తెలుసో నేను అడగలేదు. పెద్దది ఒంటి చేత్తో అర నిమిషం కూడా పట్టుకోలేకపోయాను. "అదీ సంగతి, అక్షరం పెద్దదైతే బరువూ పెద్దదే, ఒళ్ళో తలగడ పెట్టుకోమను" అన్నాడు. సరుకు అమ్ముకునేవాడు సరుకులో లోపం ముందే చెప్పడం నేను అదే చూడటం.

ఇక పుస్తకం సంగతి. అందరిళ్ళల్లో ఉండే పాత అనువాదమే, "చేసెను, పలికెను, యున్నాడు" భాష. అక్షరం లావుగా, నల్లగా, ఒత్తులు కూడా విడివిడిగా కనబడతాయి. నాన్న కళ్ళకి క్ష, జ్ఞ ఒకేలా కనబడేవి మామూలు బైబిల్లో, ఇందులో ఆ ఇబ్బంది లేదు. కాయితం మాత్రం సిగరెట్ కాయితమే, వెనక పేజీ అక్షరాలు నీడల్లా కనబడతాయి, ట్యూబ్‌లైట్ నేరుగా పడితే మరీ. ఏసీ గదిలో పేజీలు ఒకదానికొకటి అంటుకుంటాయి, ఒంటి చేత్తో తిప్పడం కష్టం, అందుకే నేను పక్కన స్టూల్ వేసుకుని తిప్పేవాడిని. ఇంకోటి ఎవరూ చెప్పరు, కొత్తలో మొదటి పుస్తకాలూ చివరి పుస్తకాలూ తెరిస్తే బైండింగ్ బిగువుకి మూసుకుపోతాయి, కళ్ళజోడు పెట్టె బరువు పెట్టాలి. సరిగ్గా మధ్యలో తెరిస్తేనే చదునుగా పడుకుంటుంది, మధ్యలో ఉండేవేమో యోబు, కీర్తనలు. అంటే కష్టాల్లో ఉన్నవాడికి కావాల్సినవి చెయ్యి పెట్టకుండానే తెరుచుకుంటాయి. కావాలని ఎవరూ డిజైన్ చేసుండరు గానీ మాకు కలిసొచ్చింది.

ఏడేళ్ళు అతుక్కుపోయున్న యోబుని అలా మళ్ళీ చదివాం. మా సంఘంలో యోబు అంటే మొదటి అధ్యాయం, చివరి అధ్యాయం, అంతే. అన్నీ పోయాయి, స్తుతించాడు, రెండింతలు వచ్చాయి, ఆమేన్. మధ్యలో దగ్గర దగ్గర నలభై అధ్యాయాలున్నాయని, మూడో అధ్యాయంలోనే ఆయన తను పుట్టిన రోజుని శపించుకున్నాడని నాకు నలభై ఏళ్ళొచ్చేదాకా సరిగ్గా తెలీదు. అది చదువుతుంటే నాకు భయమేసి ఆపేశాను, నాన్న బాధపడతాడేమోనని. ఆయన "ఆపావేంటి, ఇప్పుడే కదా అసలు మాట్లాడుతున్నాడు" అన్నాడు.

అదే టైమ్‌లో ఇంటికొచ్చి ప్రార్థన చేసేవాళ్ళు కొందరుండేవారు. మంచోళ్ళే, పళ్ళు తెచ్చేవారు. కానీ ఒకాయన వాకిట్లోనే నాతో "బ్రదర్, ఇంట్లో ఎక్కడో విశ్వాసం తగ్గింది, ఒప్పుకోని పాపం ఏదైనా ఉందేమో చూసుకోండి" అన్నాడు. ఆయన ఎవరో అనవసరం, ఇలాంటోళ్ళు ప్రతి సంఘంలో ఒకరుంటారు. నాకు ఒళ్ళు మండి లోపలికెళ్ళి అమ్మకి చెప్పాను. అమ్మ చేస్తున్న పని ఆపకుండా "యోబు దగ్గరికొచ్చినోళ్ళు కూడా ఇదే అన్నారు కదేటి, కాకపోతే వాళ్ళు ముందు ఏడు రోజులైనా నోరు మూసుకు కూర్చున్నారు" అంది. మా వెనకింటావిడ ఒకామె ఉంది, చర్చికి రాదు, ప్రతి శనివారం సింహాచలం వెళ్ళే మనిషి. నాన్న డయాలసిస్‌కి వెళ్ళిన రోజుల్లో వచ్చి అమ్మ పక్కన కూర్చుని మునగాకు దూసిపెట్టి, ఒక్క మాట మాట్లాడకుండా వెళ్ళిపోయేది. అమ్మ లెక్కలో ఆవిడ ఆ ఏడు రోజుల బ్యాచ్.

ఇదే షాపులో గోడకి తగిలించుకునే వాగ్దానాల బోర్డులు కూడా అమ్ముతారు, బంగారు రంగు అక్షరాలు, వెనక సూర్యోదయం. అవీ బాగా పోతాయంట. నేనూ ఒకటి కొన్నాను, అబద్ధమెందుకు. కానీ ఒకటి గమనించాను, ఆ బోర్డుల మీద ఒక్కటి కూడా 88వ కీర్తన ఉండదు. మీలో ఎంతమంది చదివారో గానీ అది మామూలు కీర్తనల్లా కాదు. మిగతావి చాలావరకు ఎంత ఏడ్చినా చివర్లో ఎక్కడో తిరుగుతాయి, అయినా నిన్ను స్తుతిస్తాను అని. ఇది తిరగదు. నా స్నేహితుల్ని నాకు దూరం చేశావు, చీకటే నాకు చుట్టమైంది అన్నట్టు అయిపోతుంది. అంతే, అయిపోయింది.

అది చదివింది ఒక గురువారం. ఆ రోజు నాన్నకి బీపీ పడిపోయి, కాళ్ళు కొంకర్లు పోయి, మెషీన్ మధ్యలో ఆపి మళ్ళీ మొదలుపెట్టారు. దాహం ఒకటి. రోజుకి లీటర్‌లోపే తాగాలి అన్నారు, ఐస్ ముక్క బుగ్గన పెట్టుకుని పిల్లాడిలా చప్పరించేవాడు. నేను 88 చదవడం అయిపోయి పేజీ తిప్పబోతే "తర్వాతేముంది?" అన్నాడు. "89 నాన్నా." "ఇది ఇక్కడికే అయిపోయిందా?" "అయిపోయింది." చాలాసేపు ఏం అనలేదు. ఐస్ ముక్క కరిగేదాకా. తర్వాత "ఇలాంటిది కూడా తీసెయ్యకుండా ఉంచారంటే వీళ్ళని నమ్మొచ్చురా" అన్నాడు. వీళ్ళు అంటే ఎవరో నేను అడగలేదు. ఆయన జీవితంలో కాంట్రాక్టర్లు రాసిచ్చిన కాగితాలు చాలా చూశాడు, వాళ్ళకి పనికిరాని లైన్ ఒక్కటి కూడా ఉండదు వాటిల్లో.

నేను ఈ పుస్తకానికి నాలుగు స్టార్లు ఇచ్చింది అందుకే, అక్షరాల సైజుకి కాదు. స్వస్థత కోసం కొంటే రిటర్న్ చేసేవాడినేమో. నాన్న బాగవ్వలేదు. పద్నాలుగు నెలలు నడిచింది, తర్వాత పోయాడు. ఆ పద్నాలుగు నెలలు కోపం వచ్చిన రోజు కోపంగానే ప్రార్థన చేశాడు, ఓసారి నర్సమ్మ భయపడింది కూడా ఎవరితో గొడవపడుతున్నాడో అని. కానీ ఆ మాటలు ఆయనతోనే, ఆయన దేవుడితోనే, మా మీద ఎప్పుడూ పడలేదు. దాన్ని విశ్వాసం తగ్గడం అంటారో పెరగడం అంటారో వాకిట్లో మాట్లాడినాయన్ని అడగాలి.

అన్నట్టు, ఇది కూడా రాయాలి. బిల్లు వేస్తూ అంకుల్ ఒక కథ చెప్పాడు, ఇంటికొచ్చి చూసుకుంటే నిజమే. తెలుగులో అచ్చయిన మొదటి సువార్తల పని జరిగింది మన వైజాగ్‌లోనే. 1805లో లండన్ మిషనరీ సొసైటీ నుంచి జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజెస్ అని ఇద్దరు ఇక్కడికొచ్చి తెలుగు నేర్చుకున్నారు, ఆనందరాయర్ అనే ఒక తెలుగు వచ్చిన బ్రాహ్మణ క్రైస్తవుడు సాయం చేశాడు. క్రాన్ 1809లో పోయాడు, డెగ్రాంజెస్ 1810లో. మత్తయి, మార్కు, లూకా సువార్తలు బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయింది 1812లో. అదే ఏడాది ఆ శ్రీరాంపూర్ ప్రెస్ కాలిపోయి ఎన్నో భాషల రాతప్రతులు, అచ్చు అక్షరాలు బూడిదయ్యాయి. ఆ ఇద్దరిలో ఒక్కడు కూడా తన పనిని అచ్చులో చూసుకోలేదు. ఆ తర్వాత ఇక్కడికే వచ్చిన ప్రిచెట్ చేసిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో అచ్చయింది. నాన్నకి ఇది చెబితే ఆయనకి ఆ ఇద్దరు దొరల మీద పెద్ద ఇంట్రెస్ట్ లేదు గానీ, "ఆ ఆనందరాయర్‌కి కూలి ఎంతిచ్చారో" అన్నాడు. యూనియన్ మనిషి కదా.

ఇప్పుడు కవర్ గురించి, ఒక్క స్టార్ ఎందుకో. జిప్ ఉన్న రెక్సిన్ కవర్ విడిగా కొన్నాం, రెండు వందల యాభై. ఆరు నెలలకే జిప్ పళ్ళు విడిపోయాయి, మూలల దగ్గర రెక్సిన్ పొలుసుల్లా ఊడింది. మన సముద్రపు గాలికి ఆ జిప్పులు ఆగవు. నాలాగా తీసుకోకండి, పూర్ణా మార్కెట్ దగ్గర బ్యాగులు కుట్టేవాళ్ళకి కొలత ఇస్తే గుడ్డతో కుట్టిపెడతారు, మేము ఇప్పుడు వాడేది అదే, మూడేళ్ళలో ఒకసారి ఉతికాం కూడా.

ఇంకో లోపం, రిబ్బన్ ఒక్కటే ఇస్తారు. ఇంత పెద్ద పుస్తకానికి కనీసం రెండుండాలి. మాకు అది సమస్యే అయింది, ఎందుకంటే నాన్న చివరిసారి ఆపిన చోట రిబ్బన్ నెహెమ్యా మూడో అధ్యాయంలో ఉంది. యెరూషలేము గోడ ఎవరెవరు ఏ ముక్క కట్టారో, ఏ గుమ్మానికి ఎవరు తలుపులు నిలబెట్టారో, గడియలు ఎవరు బిగించారో వరసగా పేర్లుంటాయి. చదవడానికి మహా బోర్, నేను దాటేద్దాం అంటే ఒప్పుకోలేదు, ఒక్కో పేరూ చదివించుకున్నాడు. "పనోళ్ళ పేర్లు రాసుంచారు చూడు" అని రెండు రోజులు చెప్పాడు అందరికీ. సగంలో ఆగింది. అమ్మ ఇప్పుడు ఆ పుస్తకమే చదువుతుంది, ఆవిడకీ కంటి ఆపరేషన్ అయింది. కానీ ఆ రిబ్బన్ కదపదు. గ్యాస్ బిల్లు మడిచి తన గుర్తు పెట్టుకుంటుంది, అది జారిపోతుంది, ఎక్కడ ఆపానో అని రోజూ రాత్రి నన్ను కేకేస్తుంది.

పోయిన నెల పుస్తకం పట్టుకుని షాప్‌కి వెళ్ళి ఇంకో రిబ్బన్ పెట్టగలరా అని అడిగాను. అంకుల్ ఉన్న రిబ్బన్ లాగి చూడబోతే "అది ముట్టుకోకండి అంకుల్" అన్నాను. ఆయన పేజీ చూశాడు, ఏం అడగలేదు. వీపు దగ్గర ఫెవికాల్ పెట్టి ఎర్ర రిబ్బన్ ఒకటి అంటించి, పైన ఇంకో రెండు లావు బైబిళ్ళు బరువు పెట్టి, గంట ఆగి రమ్మన్నాడు. డబ్బులు తీసుకోలేదు, టీ మాత్రం తాగించమన్నాడు.

ఆదివారాలు, గుడ్ ఫ్రైడే షాప్ ఉండదు. మిగతా రోజుల్లో పదకొండు దాటాక వెళ్ళండి, అంతకు ముందు వెళ్తే అంకుల్ స్పీకర్లో పాటలు పెట్టి షట్టర్ సగమే తెరిచి ఊడుస్తూ ఉంటాడు, ఎంత పిలిచినా వినబడదు.