లాపరోస్కోపీ ప్రాక్టీస్ పెట్టె: పనిముట్లు చేసేవాళ్లకి పనికొస్తుందా?

ముందే చెప్పేస్తున్నాను, నేను సర్జన్‌ని కాను. పొట్ట కోయకుండా చిన్న రంధ్రాల్లోంచి చేసే లాపరోస్కోపీ ఆపరేషన్లకి పనిముట్లు డిజైన్ చేస్తుంటాను. ఇప్పుడు నా బల్ల మీద ఉన్నది 5 మి.మీ. గ్రాస్పర్, అంటే లోపల కణజాలాన్ని పట్టుకునే పొడవాటి పట్టకారు. దాని పిడి కొత్త రకంగా చేశాను. అది చేతిలో ఎలా ఇముడుతుందో చూద్దామని సర్జన్లు చెయ్యి అలవాటు చేసుకునే ట్రైనర్ పెట్టె ఒకటి కొన్నాను. ఆరు నెలలు వాడాక రాస్తున్నాను. తయారీదారు పేరు చెప్పను, కొనేటప్పుడు ఏం చూసుకోవాలో చెబుతాను.

పెట్టెలో పెద్దగా ఏం లేదు. నల్లటి ప్లాస్టిక్ డొప్ప, పైన రబ్బరు బిళ్లలు బిగించిన రంధ్రాలు, లోపల ఎల్‌ఈడీ లైటు, యూఎస్‌బీ కెమెరా. మేకుల పలక, ఆరు రబ్బరు ముక్కలు, కుట్లు వేయడానికి ఫోమ్ దిండు.

మొదటి రోజు నా పొగరంతా దిగిపోయింది. పనిముట్టు రంధ్రం దగ్గర ఆనుకుని తిరుగుతుంది కాబట్టి చెయ్యి ఎడమకి పోతే కొన కుడికి పోతుంది. ఈ సంగతి నాకు తెలుసు, లెక్కలు కూడా వేశాను. తెలియడం వేరు, చెయ్యడం వేరు. అద్దంలో చూసుకుంటూ వెంట్రుకలు కత్తిరించుకున్నట్టు ఉంటుంది. మేకు మీది ముక్కని ఎడమ చేతి గ్రాస్పర్‌తో తీసి, గాలిలోనే కుడి చేతికి అందించి, అవతలి మేకుకి తగిలించాలి. ఆరూ అటు వేశాక మళ్లీ ఇటు. మొదటిసారి నాలుగు ముక్కలు కింద పడ్డాయి, ఒకటి ఎక్కడికి దొర్లిందో కెమెరాకి కూడా కనబడలేదు.

అయితే ఈ పెట్టె డబ్బులు రాబట్టింది రెండో వారంలో. అంతవరకు నా పిడిని బల్ల దగ్గర రెండు నిమిషాలు నొక్కి చూసి బాగుందనుకునేవాణ్ణి. పెట్టెలో ఏకబిగిన నలభై నిమిషాలు పనిచేశాక బొటనవేలు పక్కన తిమ్మిరెక్కింది. వేలు దూర్చే ఉంగరం అంచు సరిగ్గా నరం మీద ఒత్తుతోంది. ఉంగరాల పిడులతో సర్జన్లకి ఇది పాత బాధే. దాన్ని తప్పించాలనే కొత్త పిడి మొదలుపెట్టాను, తీరా నా ఉంగరమూ అదే చోట కొరికింది! ఆ అంచుని ఫైలుతో గుండ్రంగా అరగదీసి, లోపలివైపు వెడల్పు చేశాను. అది ఏ డ్రాయింగులోనూ నాకు కనబడలేదు.

ఒక చిన్న మాట. పెట్టెని మామూలు బల్ల మీద పెట్టకండి. పిడులు మోచేతి ఎత్తుకి మించితే భుజాలు లేస్తాయి, అప్పుడు నొప్పికి పిడిని తిట్టుకుంటారు. నేను పొట్టి స్టూలు మీదికి మార్చాను.

ఇక కెమెరా. దీని మీద నాకు నిజంగానే కోపం. దగ్గరకి వెళ్లేకొద్దీ గ్రాస్పర్ కొన ముక్కని దాటిపోయేది, వెనక్కి లాగితే మళ్లీ ఇటు దాటేది. కడ్డీ వంగుతోందేమోనని మందం మార్చాను, కీలులో వదులుందేమోనని పిన్ను మార్చాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు పెట్టెని నిందించకూడదని పది రోజులు నన్ను నేనే నిందించుకున్నాను. చివరికి ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి కెమెరా ముందు ఉంచాను. ఆ ఫోనూ, తెరా రెండూ కనబడేలా ఇంకో ఫోనుతో ఫొటో తీశాను. రెండు అంకెలకీ తేడా 0.21 సెకన్లు. మద్దెల నిజంగానే ఓడు! చెయ్యి ఆగిన తర్వాత సెకనులో ఐదో వంతు దాకా తెర మీద కొన కదులుతూనే ఉంది. అమ్మినవాళ్లకి రాస్తే 'ప్రాక్టీసుకి ఇది చాలండీ' అన్నారు. నేర్చుకునేవాళ్లకి చాలుతుందేమో. పనిముట్టుని పరీక్షించేవాడికి చాలదు. నేరుగా తెరకి కలిపే వేరే కెమెరా పెట్టాను, తేడా 0.07కి దిగింది, కొన దాటిపోవడం ఆగింది. కొనేముందు ఈ స్టాప్‌వాచ్ పరీక్ష చేయించుకోండి, ఒక్క నిమిషం పని.

ఈ పెట్టెల ఆలోచన కొత్తదేం కాదు. 1980లో లాపరోస్కోపీతో అపెండిక్స్ తీసిన జర్మన్ గైనకాలజిస్టు కుర్ట్ సెమ్, పనిముట్లు తనే కల్పించాడు, చెయ్యి తిరగడానికి పెల్వి ట్రైనర్ కూడా తనే రూపొందించాడు. పనిముట్టూ పెట్టే ఒకే బుర్రలోంచి వచ్చాయన్నమాట. నేను కొన్నదాంట్లో ఆ చుట్టరికం తెగిపోయింది. అది ఎక్కడ తెగిందో నాకు చూపించింది ఒక డాక్టరుగారు. నా గ్రాస్పర్ పెట్టెలో వెన్నలా జారుతోందని సంబరంగా తీసుకెళ్లాను. ఆవిడ దాన్ని అసలు ట్రోకార్‌లోంచి, అంటే ఆపరేషన్‌లో పొట్ట రంధ్రంలో పెట్టే గొట్టంలోంచి దూర్చి, బయటికి లాగి, ఆ గొట్టంలో గ్యాస్ పోకుండా ఆపే సీలు తీసి నా అరచేతిలో పెట్టారు. సన్నటి సీలు అంచున గోరుతో గీరినట్టు చీలిక. దవడల దగ్గర రివెట్ తల వెంట్రుకవాసి పైకి ఉంది, బయటికొచ్చేటప్పుడు అదే కోసింది.

"మీ పెట్టెలో గ్యాస్ ఉండదు కదండీ, మరి కారుతోందని మీకెలా తెలుస్తుంది?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. ఆపరేషన్‌లో పొట్టని కార్బన్ డయాక్సైడ్‌తో మామూలుగా 12 నుంచి 15 మి.మీ. పాదరసం ఒత్తిడికి ఉబ్బించి ఉంచుతారు. సీలు చిరిగితే గ్యాస్ పోతుంది, పనిచేసే చోటు కుంగుతుంది. పెట్టె రబ్బరు బిళ్లలకి వేలు పట్టేంత కన్నాలున్నాయి, వాటిలోంచి రివెట్ తల ఏమిటి, పెన్సిలు కూడా హాయిగా వెళ్తుంది.

ఫోమ్ దిండు గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. సూది కరకరలాడుతూ దిగుతుంది, కణజాలంలా సాగదు, జారదు. దవడలు ఎంత గట్టిగా పట్టాలన్నది దీని మీద తేల్చొద్దు. లైటు కూడా మెరిసే దవడల మీద పడి తెరంతా తెల్లగా చేస్తుంది. నేను పైన ట్రేసింగ్ కాగితం ముక్క అంటించాను.

చెయ్యి అలవాటు కావాలనుకునే కొత్త సర్జన్లకి, కెమెరా మార్చుకునే ఓపిక ఉంటే, మంచి పెట్టె. నాలాంటివాళ్లు కూడా కొనొచ్చు, పిడి సంగతి తేలుతుంది. నేను మాత్రం పైనున్న రబ్బరు బిళ్లల్లో రెండు పీకేసి, డాక్టరుగారు ఇచ్చిన వాడేసిన ట్రోకార్లు శుభ్రం చేయించి బిగించుకున్నాను. కొత్త రివెట్‌తో నిన్నటికి ముప్పై సార్లు దూర్చి తీశాను. ప్రతి పదిసార్లకీ సీలు విప్పి భూతద్దంలో చూస్తున్నాను.