ఏది మేలు: విదేశీ క్రైస్తవ సిలబసా, ఇంట్లో మనం చెప్పే చదువా, మిషన్ స్కూలా?

"పాపని స్కూల్లో వెయ్యలేదంట కదమ్మా, మరి పుస్తకాలు అమెరికా నుంచి తెప్పించారా?" ఆదివారం ఆరాధన అయ్యి బయటికి రాగానే ఎవరో ఒకరు ఈ మాట అడుగుతూనే ఉంటారు. మాది గుంటూరు, పాపకి ఈమధ్యే ఆరు నిండాయి. విదేశీ సిలబస్ నాలుగు నెలలు చెప్పాను, ఆ తర్వాత ఏడాదిగా నా పద్ధతిలో చెప్తున్నాను, మిషన్ స్కూల్ అయితే నేను చదువుకున్నదే.

ముందు చట్టం సంగతి, ఎందుకంటే అందరికీ టెన్షన్ అక్కడే. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలది. బడిలో చేర్పించే బాధ్యత తల్లిదండ్రులదే అని 10వ సెక్షన్ అంటుంది, కానీ చేర్పించకపోతే వాళ్లకి ఫలానా శిక్ష అని ఆ చట్టంలో లేదు. బడికి వెళ్లని పిల్లల్ని తర్వాత వయసుకి తగ్గ తరగతిలో చేర్చుకోవాలని 4వ సెక్షన్ చెప్తోంది. ఇంట్లోనే కొనసాగిస్తామంటే కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్ అయిన ఎన్‌ఐఓఎస్‌లో 3, 5, 8 తరగతులకి సమానమైన లెవెల్స్ ఉన్నాయి, 14 నిండాక పదో తరగతి ఓపెన్ స్కూల్లో రాయొచ్చు.

ఇక విదేశీ సిలబస్. ఎక్కువగా వినపడే పేర్లు రెండు. ఏసీఈ (యాక్సిలరేటెడ్ క్రిస్టియన్ ఎడ్యుకేషన్) అనేది 1970లో టెక్సస్‌లో మొదలైంది, సబ్జెక్టుకి ఏడాదికి 12 చిన్న పుస్తకాలు, పిల్లలే చదువుకుని తామే దిద్దుకుంటూ ముందుకెళ్లే పద్ధతి. అబెకా ఫ్లోరిడాలోని పెన్సకోలా నుంచి వస్తుంది, అందులో చెప్పేవాళ్లు పక్కన కూర్చోవాలి. ఇలాంటి వాటిలో ఏ రోజు ఏం చెప్పాలో ముందే రాసి ఉంటుంది కాబట్టి, చదువు చెప్పడం అలవాటు లేని తల్లికి అది పెద్ద ధైర్యం, కాదనను. ఇంగ్లీష్ చదవడం కూడా శబ్దాల నుంచి మొదలుపెట్టి బాగా నేర్పుతాయి.

మేం తెప్పించుకున్న సెట్‌లో (పేరు అనవసరం) లెక్కల్లో అన్నీ సెంట్లూ డాలర్లే, చేతిలో ఐదు రూపాయల బిళ్ల పట్టుకుని పాప "ఇది ఎన్ని సెంట్లమ్మా" అని అడిగేది. అది సర్దుకోవచ్చు. నాకు బాధేసింది ఇంకో చోట. ఒకరోజు రాత్రి కుటుంబ ప్రార్థనలో పాప, పుస్తకంలో నేర్చుకున్నట్టే, మొత్తం ఇంగ్లీష్‌లో ప్రార్థన చేసింది. ముద్దుగానే చేసింది. మా అత్తగారు మాత్రం కళ్లు మూసుకుని వింటూ, ఎక్కడ అయిపోయిందో తెలియక, ఆమేన్ అనకుండా కళ్లు తెరిచి నా ముఖం చూశారు. ఆ ఇంట్లో 40 ఏళ్లుగా పొద్దున్నే మోకాళ్లూనుతున్న మనిషి, మనవరాలి ప్రార్థనకి ఆమేన్ చెప్పలేకపోయారు. సెట్ కట్టేసి అటక మీద పెట్టేశాను.

తర్వాత నేను అల్లుకున్నది చాలా చిన్నది. లెక్కలకీ భాషకీ మన రాష్ట్ర ప్రభుత్వ పుస్తకాలే, లెక్కల పుస్తకమైతే ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీష్‌తో ఉంటుంది. మిగతాది తెలుగు బైబిలు, ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. పాత బైబిలు భాష పిల్లలకి కష్టమే, అందుకే ఒక వచనం చదివి నా మాటల్లో చెప్తాను. అయినా ఆ కష్టంలోనే కొన్ని దొరుకుతాయి. "గొఱ్ఱె" దగ్గర ఆగి, "ఇదేం అక్షరమమ్మా, మన పుస్తకంలో లేదే" అంది, ఆ రోజు తెలుగు పాఠం మొత్తం బండి ఱ మీదే నడిచింది. ఆవగింజ ఉపమానం చెప్పినప్పుడు బొమ్మ వెతకలేదు, పోపుల డబ్బా తీసి అరచేతిలో ఒక్క గింజ పెట్టాను. దాన్ని ఊపిరి తగిలితే ఎగిరిపోతుందేమో అన్నట్టు పట్టుకుంది. పది గింజలు లెక్కపెట్టి పాత టిన్నులో వేసింది, నాలుగో రోజుకి ఏడు మొలిచాయి, పదిలోంచి ఏడు తీసేస్తే ఎన్ని అని నేను అడగక్కర్లేకుండానే "మూడు రాలేదు" అని దిగులుపడింది. రోజుకి గంటన్నర చదువు, అంతే.

దీంట్లో లోటు మాత్రం నేనే. పొద్దున తీసివేతలు రాలేదని గట్టిగా కేకలేసి, వెంటనే ప్రార్థనకి రా అంటే ఆ పిల్ల ఏ ముఖంతో వస్తుంది? రెండుసార్లు అలా జరిగాక లెక్కలు సాయంత్రానికి మార్చేశాను. ఇంకో లోటు తోటి పిల్లల తోడు. సండే స్కూల్ వారానికి ఒక్కరోజు, వీబీఎస్ (సెలవుల బైబిలు బడి) వేసవిలో పది రోజులు, అవి చాలవు.

ఆ తోడు కోసమే మిషన్ స్కూల్ నాకు ఇష్టం. అమెరికా మిషనరీ హేయర్ దొర 1842లో గుంటూరు వచ్చిన తర్వాత లూథరన్ మిషన్ తెరిచిన బడుల్లోనే మా లాంటి ఎన్నో కుటుంబాలకి మొదటి అక్షరం దొరికింది. నా బెంచీలో ఒకవైపు ముస్లిం అమ్మాయి, ఇంకోవైపు హిందూ అమ్మాయి. మాకు క్యాటకిజం (క్రైస్తవ విశ్వాసం గురించిన ప్రశ్నోత్తరాల పాఠం), వాళ్లకి మోరల్ సైన్స్, అన్నం డబ్బాలు మాత్రం కలిసే. అయితే ఇప్పుడు పేరు మిషన్‌దే అయినా ర్యాంకుల గోల తప్ప ఏమీ లేని బడులూ ఉన్నాయి, పొద్దున అసెంబ్లీ జరిగేటప్పుడు ఒకసారి వెళ్లి నిలబడి చూడండి.

నన్నడిగితే ఆరేడేళ్ల దాకా ఇల్లే మేలు, అదీ తెలుగులో, తర్వాత మంచి మిషన్ స్కూల్. విదేశీ సెట్ రెండేళ్లలో విదేశం వెళ్లేవాళ్లకి పనికొస్తుంది, మిగతావాళ్లు ఇంగ్లీష్ చదవడం నేర్పే భాగం ఒక్కటి కొనుక్కుంటే చాలు. మా పాప వచ్చే జూన్‌లో రెండో తరగతికి వెళ్తోంది. రాత్రి ప్రార్థన ఇప్పుడు తనే ముగిస్తుంది, మా అత్తగారు అందరికంటే ముందు ఆమేన్ అంటున్నారు.