రంగులు చేతికిచ్చి పొలంలోకి పంపే చోటు: వీర్ ఫార్మ్

కనెక్టికట్‌లోని విల్టన్, రిడ్జ్‌ఫీల్డ్ ఊళ్ల సరిహద్దున ఉన్న వీర్ ఫార్మ్ జాతీయ చారిత్రక ఉద్యానానికి ప్రవేశ రుసుము లేదు. పైగా వేసవిలో సందర్శకుల కేంద్రంలో అడిగితే బొమ్మలు వేసుకునే సామగ్రి కూడా ఉచితంగానే ఇస్తారు. ఒక చిత్రకారుణ్ణి పరిచయం చేయడానికి ఇంతకన్నా సరైన పద్ధతిని నేనెక్కడా చూడలేదు.

ఆ చిత్రకారుడు, అమెరికాకు చెందిన జూలియన్ ఆల్డెన్ వీర్, 1882లో ఒక చిత్రాన్నీ, పది డాలర్లనూ ఇచ్చి ఇక్కడి 153 ఎకరాల పొలం తీసుకున్నారు. పారిస్‌లో చిత్రకారుడు జెరోమ్ వద్ద సంప్రదాయ శిక్షణ పొందిన ఈయన, 1877లో ఇంప్రెషనిస్టుల (మారే వెలుగును విడివిడి కుంచె గీతలతో పట్టే చిత్రకారుల) ప్రదర్శన చూసి, అది భయానక వస్తువుల గదికన్నా అధ్వానమని ఇంటికి ఉత్తరం రాశారు. అలాంటి మనిషి పదిహేనేళ్లు తిరిగేసరికి అదే పద్ధతిలో ఈ రాతిగోడలనూ, గడ్డినేలలనూ చిత్రించసాగి, 1919లో కన్నుమూసేవరకు ఆ బాట విడవలేదు. ఇక్కడి చెరువు సైతం ‘ద ట్రూయెంట్స్’ అనే చిత్రానికి బహుమతిగా వచ్చిన 2,500 డాలర్లతో తవ్వించినదే.

అచ్చులో చూసినప్పుడు వీర్ రంగులు వెలిసిపోయినట్టుండి నాకు అంతగా ఆనేవి కావు. ఆ చెరువు గట్టున బండమీద కూర్చుని నేను కలిపిన ఆకుపచ్చ, ఎదుట ఉన్న గడ్డికన్నా ఎంతో గాఢంగా వచ్చింది. నీళ్లు పోసి పలచన చేసినా పొసగలేదు, చివరకు కాస్త బూడిదరంగు కలిపాకే ఆ గడ్డి కాగితంమీదికి దిగింది. తేమ నిండిన ఆ గాలిలో ఆకులమీదా, పాచి పట్టిన రాళ్లమీదా పడే వెలుగే అంత మెత్తనిది. ఆయన దానిని ఉన్నదున్నట్టు పట్టుకున్నారు.

వీర్ తరువాత ఆయన అల్లుడు, శిల్పి మహోన్రీ యంగ్, ఆ పిమ్మట చిత్రకార దంపతులైన స్పెర్రీ, డోరిస్ ఆండ్రూస్ ఇక్కడ నివసించారు. పొలం 1990లో జాతీయ ఆస్తి అయ్యేదాకా ఇది కళాకారుల ఇల్లుగానే నిలిచింది కాబట్టి, పునరుద్ధరించిన స్టూడియోలు కూడా అలంకరించి పెట్టిన గదుల్లా కాక, పనిచేసే చోట్లలాగే కనిపిస్తాయి.

వీర్ ప్రసిద్ధ చిత్రం ‘ద రెడ్ బ్రిడ్జ్’ న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం సేకరణలో ఉంది, పెద్ద చిత్రాల కోసమైతే అక్కడికే వెళ్లాలి. ఇక్కడ ఇంటి లోపలిని వేసవి, శరదృతు నెలల్లో రేంజర్ (ఉద్యాన ఉద్యోగి) వెంట కొద్దిమందికి మాత్రమే చూపిస్తారు. అందువల్ల ఉదయమే చేరుకుని, ముందు ఇల్లు చూసి, తరువాత రంగులు తీసుకుని చెరువు వైపు నడవడం మంచిది.